చుక్క దగ్గర తట్టొచ్చా?

పైన మళ్ళీ మొదలుపెట్టాడు, ఠక్ ఠక్ ఠక్, మూడు దెబ్బలకొకసారి ఆగుతున్నాడు, ఊపిరి తీసుకోవడానికో మేకు సరిచూసుకోవడానికో, పై అంతస్తులో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు గోడలకు అలమరలు బిగించుకుంటున్నారట, పొద్దున్నే వడ్రంగి వచ్చాడట, అతను సుత్తి కింద పెట్టేదాకా ఇక్కడ రికార్డింగు సాగదని చెప్పి రికార్డింగాయన బతిమాలడానికి మెట్లెక్కి వెళ్ళాడు, నేనేమో ఈ చిన్న గదిలో, నాలుగు గోడలకూ మందపాటి గుడ్డ తాపడం చేసిన గదిలో, మైకు ముందు కూర్చుని, బాబ్బాబు, ఆ సుత్తి ఇవాళంతా దించకు నాయనా అని మనసులోనే వడ్రంగికి దండాలు పెట్టుకుంటున్నాను. గడియారం పదీ ఐదు చూపిస్తోంది. పదకొండుకు ఈ గది ఇంకెవరికో ఇచ్చేశారు. పదకొండున్నరకు సీడీలు తయారుచేసే చోటికి మా రికార్డింగు చేరాలి, చేరితేనే సోమవారం పొద్దున్న బళ్ళకు మా పుస్తకంతో పాటు సీడీ కూడా వెళుతుంది. ఈలోగా నలభై ఫ్రెంచి మాటల్ని ముక్కముక్కగా, స్పష్టంగా, మైకులో చదవాలి. చదవాల్సింది నేను. నాకు నత్తి.

లోపల మాత్రం లేదు, అదే తమాషా, లోపల ఇదిగో ఇలా ఆగకుండా, కామా దగ్గర కూడా నిలబడకుండా, తెల్లారిన దగ్గరనుంచీ వాగుతూనే ఉంటాను, పైకి వచ్చేసరికి నోరు పెగలదు. చూసేవాళ్ళు నన్ను మితభాషి అంటారు. మా బావ అయితే అక్కతో, మీ చెల్లెల్ని చూసి నేర్చుకోరాదూ, మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టుంటుంది అంటాడు, పాపం, నా లోపలి వాగుడు ఒక్క పూట వినిపిస్తే ఇల్లు వదిలి పారిపోతాడు. ప, క, ర, ఈ మూడూ నాకు పడని అక్షరాలు. నాకు కమలాపళ్ళంటే ప్రాణం, అయినా పన్నెండేళ్ళుగా ఇంటికి అరటిపళ్ళే తెస్తున్నాను, 'అ' దగ్గర నాకెప్పుడూ తలుపు తీసే ఉంటుంది కాబట్టి. వేలెత్తి చూపిస్తే సరిపోదా అంటారేమో, చూపిస్తే పళ్ళవాడు ఎన్ని అని అడుగుతాడు, ఎన్నో చెప్పాక తియ్యవా పుల్లవా అంటాడు, ఒక్క పండు కోసం అంత సంభాషణ ఎవరు పడతారు. అలాంటి నా ముందు ఇప్పుడున్న కాగితంలో మొదటి ఇరవై మాటలూ 'ర'తోనే మొదలవుతాయి. అదీ మామూలు 'ర' కాదు, గొంతు లోపల గీరుకుంటూ వచ్చే ఫ్రెంచి 'ర'. పగవాళ్ళకు కూడా వద్దు.

ఈ మాటలన్నీ ఒక్క కుటుంబానివి. 'రె' అంటే మళ్ళీ. ఫేర్ అంటే చేయడం, రె·ఫేర్ అంటే మళ్ళీ చేయడం. లీర్ చదవడం, రె·లీర్ మళ్ళీ చదవడం. వెనీర్ రావడం, రె·వె·నీర్ మళ్ళీ రావడం, రె·మోఁ·తే మళ్ళీ ఎక్కడం, రె·కొ·మాఁ·సే మళ్ళీ మొదలుపెట్టడం. మనం 'మళ్ళీ'ని విడిగా చేతిసంచీలా పట్టుకు తిరుగుతాం, వాళ్ళు మాట ముందు కుట్టేసుకుంటారు. దీన్ని ఉపసర్గ అనాలి అంటారు పెద్దాయన, మా చిన్న పుస్తకాల సంస్థకు సంపాదకుడూ యజమానీ ఊడ్చేవాడూ అన్నీ ఆయనే, నేను మాత్రం ముందతుకు అంటాను. మా ఆఫీసులో ఉండేది ముగ్గురం, పెద్దాయన, బొమ్మలు గీసే బొమ్మలావిడ, చుక్కలు పెట్టే నేను. చుక్కలు పెట్టడమే నా ఉద్యోగం. మాటను నోరు ఎక్కడెక్కడ విరుస్తుందో అక్కడ ఒక చుక్క పెట్టాలి, చదివే పిల్లకు ఎక్కడ ఆగాలో తెలియాలి. గబగబా నడిచేవాళ్ళకు మెట్లు లెక్కపెట్టే అవసరం రాదు, కాలు నొప్పి ఉన్నవాళ్ళకు ఇంట్లో ఎన్ని మెట్లున్నాయో, ఏది ఎత్తో, ఏది అరిగిందో అన్నీ తెలుస్తాయి, నాకు మాటలతో అంతే, అందుకే పదిహేడేళ్ళలో నా చుక్క ఒక్కటి కూడా పక్కకు పడలేదని పెద్దాయన అందరికీ చెప్పుకుంటారు. నాకు అది వినడం చాలా ఇష్టం, అందుకే ఆయన చెప్పే సమయానికి ఏదో పని ఉన్నట్టు అక్కడే తచ్చాడుతుంటాను.

ఠక్ ఠక్ ఠక్. పదీ పన్నెండు. కొట్టు నాయనా కొట్టు.

అసలు ఇదంతా గంభీరం గారి వల్ల వచ్చింది. రైలు స్టేషన్లో ప్రకటనలు చదువుతారాయన, ఆ గొంతు వింటే వెళ్ళిపోయిన రైలు కూడా సిగ్గుపడి వెనక్కి వస్తుందనిపిస్తుంది, అందుకే మేం పెట్టుకున్న పేరు గంభీరం గారు. కాగితం మీద ఉన్నది ఒక్క అక్షరం వదలకుండా చదవడం ఆయన వ్రతం. ఒకసారి ప్రకటన కాగితం మీద ఎవరో ఆయన కోసమని 'ఇక్కడ కొంచెం ఆగవలెను' అని రాస్తే అది కూడా మైకులో చదివేశారు, ఆ రైలు ఇక్కడ ఆగదని తెలిసినవాళ్ళు సైతం పెట్టెలు నెత్తికెత్తుకున్నారట. ఆ సంగతి తెలిసి కూడా నిన్న ఆయన్ని ఒంటరిగా ఇక్కడికి పంపించడం మా బుద్ధితక్కువ. పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసులో రికార్డింగు పెట్టుకుని విన్నాం. "రె... చుక్క... ఫేర్." పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టారు. "రె... చుక్క... వె... చుక్క... నీర్." బొమ్మలావిడ పమిట నోట్లో కుక్కుకుంది. "రె చుక్క కొ చుక్క మాఁ చుక్క సే" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి జారి బల్ల కింద కూర్చుంది, నేను నవ్వలేక చచ్చాను, నవ్వుకు నత్తి ఉండదు కదా, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. నలభై మాటలూ అంతే, ఒక్క చుక్క కూడా వదిలిపెట్టలేదు మహానుభావుడు. పెద్దాయన రికార్డింగాయనకు ఫోను చేసి, నువ్వైనా ఆపొద్దటయ్యా అంటే, "నాకు ఫ్రెంచి రాదు కదండీ, పిల్లలకి అలాగే నేర్పుతారేమో అనుకున్నా. అయినా ఆయన గొంతులో చుక్క ఎంత బాగుందో విన్నారా?" అన్నాడట. గంభీరం గారిని మళ్ళీ పిలుద్దామంటే ఇవాళ రాత్రిదాకా ఆయనకు డ్యూటీ, రైళ్ళు వదిలేసి రాలేరు.

అప్పుడు పెద్దాయన తనే చదువుతానని బయల్దేరారు, తోడుగా నన్ను తీసుకొచ్చారు, మధ్యలో అనుమానం వస్తే చుక్కల సంగతి చెప్పడానికని. తొమ్మిదిన్నరకు ఈ కుర్చీలోనే కూర్చుని మొదలుపెట్టారు. కట్టుడు పళ్ళు. మామూలుగా మాట్లాడితే తెలియదు గానీ మైకు పచ్చిగా పట్టేస్తుంది, "రె·కొ·మాఁ" దాకా బాగానే వచ్చి "సే" దగ్గర కుక్కర్ కూత వేసింది. రెండోసారి ఇంకా గట్టిగా. మూడోసారికి రికార్డింగాయన అద్దం అవతల గోడవైపు తిరిగిపోయాడు, భుజాలు ఊగుతూ కనిపించాయి. పెద్దాయన హెడ్‌ఫోన్లు తీసి, నావైపు చూసి, "అమ్మాయ్, ఇక నువ్వే" అన్నారు. తల అడ్డంగా ఊపాను. "నువ్వు పెట్టిన చుక్కలే కదా, నీకంటే ఎవరికి తెలుసు?" చీటీ మీద రాశాను, సార్, నా సంగతి మీకు తెలుసు అని. మేం పోట్లాడుకున్నా పొగుడుకున్నా చీటీల మీదే. ఆయన ఆ చీటీ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, ఏమీ అనకుండా అవతలి గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. కాదంటే వాదించేదాన్ని, ఏమీ అనలేదు కాబట్టి ఇక్కడ కూర్చుండిపోయాను. అదొక్కటేనా? కాదు, బఠాణీ కూడా కారణమే.

బఠాణీ మా అక్క కూతురు, తొమ్మిదేళ్ళు, గుండ్రంగా పచ్చగా పుట్టిందని పుట్టిన రోజునే ఆ పేరు పడింది. నా చెవులు వచ్చాయి దానికి, నా జుట్టు వచ్చింది, ఆఖరికి నా నత్తి కూడా వచ్చింది. అక్క ఆ సంగతి గమనించిన రోజు నా గదిలోకి వచ్చి మంచం అంచున చాలాసేపు కూర్చుంది. నేను దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని నా విద్య నేర్పాను. ఆ విద్య ఏమిటంటే తట్టడం. మాటలోని ఒక్కో ముక్కకు ఒక్కో తట్టు, వేలి కొసతో, చెక్క మీదైతే మరీ మంచిది, చెక్క బదులు పలుకుతుంది. ఆ తట్టు మీద కాలు పెట్టి మాట దాటేస్తుంది. అందుకే నేను ఎక్కడికి వెళ్ళినా బళ్ళో పరీక్షలకు వాడే చెక్క అట్ట ఒకటి చంకలో ఉంటుంది, ఎంత శ్రద్ధో, ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది అంటారు, రాయడానికి కాదు, తట్టుకోవడానికి, ఒళ్ళో పెట్టుకుని, బల్ల అడుగున, ఎవరి కంటా పడకుండా. దానికీ అదే చెప్పాను, తట్టు, కానీ ఎవరికీ కనిపించనీకు అని. ఇప్పుడు ఆ రెండో మాట తలుచుకుంటే నా నెత్తి మీద నేనే మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లకు దాచడం ఏం చేతనవుతుంది, ఫ్రెంచి క్లాసులో బల్ల కింద తడుతుంటే టీచరమ్మ విన్నది, ఏమిటా డప్పు అన్నది, పిల్లలంతా నవ్వారు, ఇక నుంచి చదివేటప్పుడు చేతులు రెండూ బల్ల మీద కట్టుకోవాలి అన్నది. టీచరమ్మ చెడ్డదేం కాదు, ముప్ఫై మంది పిల్లలతో తల ప్రాణం తోకకొస్తుంది ఆవిడకు, తెలియక అన్నది. చేతులు కట్టుకున్న రోజునుంచి బఠాణీ ఆ క్లాసులో నోరు తెరవలేదు. రెండు నెలలైంది. ప్రశ్న అడిగితే లేచి నిలబడుతుంది, కూర్చోమనేదాకా నిలబడుతుంది, కూర్చుంటుంది. నేను వెళ్ళి టీచరమ్మతో మాట్లాడతానని అక్కతో అన్నాను. వెళ్ళాను కూడా, బడి గేటు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆదివారం నా పక్కన బోర్లా పడుకుని ఈ కాగితాలు తిరగేసింది. "పిన్నీ, నీ చుక్కల పుస్తకం మా క్లాసుకి వస్తుందా?" అంది, నా దగ్గర దానికి అంత నత్తి ఉండదు, నా మోకాలి మీద తడుతూ మాట్లాడుతుంది. పై సోమవారం వస్తుందన్నాను. ఒక చుక్క మీద వేలు పెట్టి, "చుక్క దగ్గర తట్టొచ్చా?" అంది. మీ టీచరమ్మని అడుగు అన్నాను. అడగదని తెలుసు నాకు. అడగగలిగితే ఇదంతా ఎందుకు. అది సరేనని కాగితం పక్కన పెట్టేసి వెళ్ళిపోయింది, ఆ సరే నాలుగు రోజులుగా నా గొంతులో అడ్డం పడి ఉంది.

ఠక్ ఠక్. ఈసారి రెండే కొట్టాడు. రికార్డింగాయన గొంతు మెట్ల మీదనుంచి వినిపిస్తోంది, ఏదో సర్దిచెబుతున్నాడు, అయ్యో, ఒప్పుకుంటాడా ఏం. పదీ ఇరవై ఐదు.

నాకు ఈ తట్టు ఎవరూ నేర్పలేదు, వంటింట్లో దొరికింది. బామ్మ కత్తిపీట వాడేది కాదు, చెక్క మీద చాకుతో టకటకా కూరలు తరిగేది, నేను ఎదురుగా కూర్చుని బళ్ళో కబుర్లు చెప్పేదాన్ని, చాకు చప్పుడు సాగినంతసేపూ నాకు మాట సాగేది, ఆగితే ఆగేది. ఆ సంగతి నాకంటే ముందు బామ్మ కనిపెట్టింది. తరగడం నిదానం చేసింది, నా మాటకు సరిపడా. నాకు కబుర్లు ఎక్కువున్న రోజు క్యారెట్లు అయిపోయినా ఉత్త చెక్క మీద కొడుతూ ఉండేది. మా నాన్న అన్నం ముందు కూర్చుని, "ఏంటమ్మా, ఇవాళ ముక్కలు మరీ ఇంత సన్నంగా ఉన్నాయి?" అనేవాడు. "నా మనవరాలికి బోలెడు పనులు జరిగాయిరా ఇవాళ" అనేది బామ్మ. ఆవిడ ఎప్పుడూ దాచలేదు, తలుపు తీసే ఉండేది, చెక్క ఊరంతా వినపడేలా మోగేది. దాచడం నేను నేర్చుకున్నాను, ఆవిడ పోయాక. చాకు బదులు వేలు, వంటింటి బదులు బల్ల అడుగు. ఇప్పుడు అనిపిస్తోంది, ఆవిడ వదిలిపెట్టి వెళ్ళినదాన్ని నేను సగమే ఉంచుకున్నానని.

రెండో పేజీ మాత్రం నాకు ముద్దు. ఇక్కడి ముందతుకు 'ఇన్', కాదు లేదు అని అర్థం. దీని మీద పెద్దాయనకూ నాకూ మూడు రోజులు చీటీల యుద్ధం జరిగింది. యుతిల్ అంటే పనికొచ్చేది, ముందు 'ఇన్' కుడితే పనికిరానిది. అతుకు దగ్గరే చుక్క పెట్టాలమ్మాయ్, ఇన్ ఒకవైపు, యుతిల్ ఒకవైపు, పిల్లలకు అర్థం తెలియాలి అన్నారాయన. నోరు అలా విరవదు సార్ అని నేను, ఇ·న్యు·తిల్ అంటుంది. ఆ 'న్' చంటిపిల్ల లాంటిది, పక్కన అచ్చు కనిపిస్తే చాలు తల్లి ఒడి దిగి దాని ఒళ్ళోకి పోతుంది. ఇ·న·తాఁ·ద్యు, అనుకోనిది, అక్కడా అంతే. పక్కన హల్లు ఉంటే మాత్రం బుద్ధిగా ఇంట్లోనే ఉండిపోయి ముక్కులో కరిగిపోతుంది, ఏఁ·జ్యుస్త్, అన్యాయం. మూడో రోజు సాయంత్రం పెద్దాయన చీటీ వచ్చింది: అర్థానికి అతుకు కింద గీత గీద్దాం, నోటికి నీ చుక్క పెడదాం, ఇక నన్ను వదులు. అలా రెండూ అచ్చయ్యాయి. గంభీరం గారు గీత కూడా చదవనందుకు సంతోషించాలి. కుట్టిన చోటు వేరు, విరిగే చోటు వేరు, అయినా అదే మాట, ఆ సంగతి నాకు ఎందుకో చాలా ధైర్యంగా అనిపిస్తుంది.

చప్పుడు లేదు. ఆగిపోయింది. పైన కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత అదీ లేదు. రికార్డింగాయన చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "ఒప్పుకున్నాడండీ, టీ తాగుతాడట, అరగంట మనదే." అద్దం అవతల పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నా గుండె చప్పుడు హెడ్‌ఫోన్లలో వినిపిస్తుందేమోనని భయమేసింది. "చేతులు రెండూ బల్ల మీద పెట్టుకోండమ్మా, కాగితం కదిలితే మైకులో వానలా వినిపిస్తుంది" అన్నాడు. పెట్టాను. కట్టుకున్నాను, బఠాణీలాగే. ఎర్ర దీపం వెలిగింది. "రె" అనాలి. 'ర' అక్కడే ఉంది, గొంతులోనే, దాన్ని చూస్తున్నాను, తలుపుకు అవతల నిలబడి ఉంది, గడియ రావడం లేదు. మెడ బిగుసుకుంది, కళ్ళు మూతపడ్డాయి, దవడ ఎటో లాగేసింది. ఎంతసేపైందో తెలియదు. "ఫర్లేదమ్మా, మళ్ళీ చెయ్యండి" అన్నాడు రికార్డింగాయన, ఎంత మంచివాడో. మళ్ళీ చేయడం. రె·ఫేర్. అదే రావడం లేదు కదా తండ్రీ. ఇంకోసారి ఎర్ర దీపం, ఇంకోసారి అదే. రెండు నెలలు, వారానికి మూడు క్లాసులు, ముప్ఫై మంది ముందు, నా బఠాణీ ఇలా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపం వచ్చింది, ఆ కోపంలోనే కుడి చెయ్యి దానంతటదే బల్ల కిందికి జారి ఒళ్ళోని అట్ట మీద పడింది.

ఠక్, రె. ఠక్, ఫేర్. వచ్చింది! ఠక్ ఠక్, రె·లీర్. ఠక్ ఠక్ ఠక్, రె·వె·నీర్, వస్తున్నాయి, గొంతు గీరుకుంటూ, గుమ్మం దాటి, ఒకదాని వెనక ఒకటి, రె·మోఁ·తే మెట్లెక్కుతున్నట్టే ఉంది, రె·దీర్, రె·వ్వార్, రె·దొ·నే, ఇది నా గొంతేనా, ఇంత బాగుంటుందా నా గొంతు, నలభై రెండేళ్ళుగా పక్క గదిలో ఉన్న మనిషిని మొదటిసారి చూస్తున్నట్టుంది, పెద్దాయన అద్దానికి అతుక్కుపోయారు, రె·కొ·మాఁ·సే, నాలుగు ముక్కలూ పూసల్లా, మొదటి పేజీ అయిపోయింది, రెండో పేజీ, ఇ·న్యు·తిల్, నా చంటిపిల్ల ఒళ్ళోకి ఎంత చక్కగా దూకిందో, ఇ·న·తాఁ·ద్యు, ఇంకా ఎన్నున్నాయి, అయిపోకూడదు, వెయ్యి మాటలుంటే బాగుండు, నలభై. అయిపోయింది. పదీ నలభై రెండు.

రికార్డింగాయన చెవులకున్న హెడ్‌ఫోన్ల మీద చేతులు ఆనించి మొదటి నుంచీ విన్నాడు. అతని మొహం మారింది. "ఛ, వీడు మాట మీద నిలబడలేదండీ, కొడుతూనే ఉన్నాడు! ప్రతి మాట వెనకా ఠక్ ఠక్. ఉండండి, వాడి సంగతి చెప్తా" అని నేను చెయ్యెత్తే లోపల మెట్లెక్కి మాయమయ్యాడు. చెయ్యెత్తానా? నిజం చెప్పాలంటే సగమే ఎత్తాను. సగం ఎత్తి దించేశాను. వడ్రంగి తిట్లు తింటాడు, నా రహస్యం నాకుంటుంది, అంతేగా, పరాయి మనిషి, ఒక నిమిషం తిట్లు. పైనుంచి అరుపులు వినిపించాయి. ఇంత సిగ్గు నాకు నత్తి వల్ల కూడా ఎప్పుడూ కలగలేదు.

ఇద్దరూ దిగి నా గదిలోకే వచ్చారు, వెనకే పెద్దాయన కూడా. వడ్రంగి చేతిలో టీ గ్లాసు ఇంకా ఉంది, చెవి వెనక పెన్సిలు ఉంది, మొహం కందగడ్డలా ఉంది. "సుత్తి కింద పెట్టి ఇరవై నిమిషాలైంది సార్, నామీద పడతారేంటి, పైకి రండి చూపిస్తా, సంచిలో పెట్టి తాడు కూడా కట్టేశా." "మరి ఇదేంటయ్యా?" రికార్డింగాయన అవతలికి వెళ్ళి మీట నొక్కి వచ్చాడు, గదంతా నా గొంతు, దాని వెంట నా వేలు. వడ్రంగి తల ఒక పక్కకు వంచి విన్నాడు. "ఇది నా సుత్తి కాదు సార్. నా సుత్తి ఇంత మర్యాదగా కొట్టదు." "అయితే ఎవరు?" ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే ఇక సోమవారం బఠాణీ మొహం చూడలేననిపించింది. అట్టను ఒళ్ళోంచి తీశాను. అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాను. తట్టాను.

"అ·ది నే·నే."

"నా·కు న·త్తి. త·డి·తే·నే మా·ట వ·స్తుం·ది. త·ప్పు నా·దే. ఆ·య·న్ని ఏ·మీ అ·న·కం·డి." ఇంత పొడుగు మాట పరాయివాళ్ళ ముందు నేను అనడం ఇదే మొదలు, ఒళ్ళంతా చెమట పట్టింది, అయినా తేలిగ్గా ఉంది. రికార్డింగాయన తల గోక్కున్నాడు. "అయ్యో, నాకేం తెలుసమ్మా... కానీ చప్పుడుతో ఇలా పంపితే ఎలా? తట్టకుండా ఒక్కసారి..." "కుదరదు" అన్నారు పెద్దాయన. "పదిహేడేళ్ళుగా వింటున్నాను ఆ చప్పుడు. ఆమె సెలవు పెట్టిన రోజు నాకు పని సాగదు, నేనే వేలితో బల్ల వాయించుకుంటూ కూర్చుంటాను." తెలుసా ఈయనకు? పదిహేడేళ్ళుగా? మరి నేను ఎవరి నుంచి దాచానట ఇన్నాళ్ళూ?

రికార్డింగు ఇంకా మోగుతూనే ఉంది, ఆపడం ఎవరికీ తోచలేదు. వడ్రంగి టీ తాగుతూ తనలో తను గొణుక్కుంటున్నాడు. "రెండు. మూడు. మూడు. రెండు. నాలుగు." పెద్దాయన, "ఏమిటయ్యా ఆ లెక్క?" అన్నారు. "ముక్కలు సార్. ఆ మాటేంటో నాకు తెలీదు గానీ ఎన్ని ముక్కలతో చేశారో తెలుస్తుంది కదా, ఈ అమ్మ తడుతుంటే." అని మళ్ళీ చెవి పెట్టి, "ఇదీ మూడే" అన్నాడు. ఇ·న్యు·తిల్. మూడే.

పెద్దాయన రికార్డింగాయన వైపు చూశారు, రికార్డింగాయన వడ్రంగి వైపు చూశాడు, వడ్రంగి తనేం తప్పు మాట్లాడానా అన్నట్టు గ్లాసులోకి చూసుకున్నాడు. "చుక్కని చదివితే నవ్వాం, కొడితే వినబడుతోందన్నమాట" అన్నారు పెద్దాయన నెమ్మదిగా. రికార్డింగాయన అప్పటికే మైకు ఒకటి ఎక్కువ తెచ్చి అట్ట పక్కన వంచుతున్నాడు. "అయితే దొంగచాటుగా వద్దమ్మా, సరిగ్గా వినబడేలా కొట్టండి, పది నిమిషాలుంది, మొత్తం ఇంకోసారి లాగించేద్దాం. ఆఁ, ముందు పిల్లలకి ఒక మాట చెప్పండి, ఏం చెయ్యాలో, లేకపోతే వాళ్ళూ మా వడ్రంగిని తిడతారు." కాగితం మీద లేని మాట. నా సొంత మాట. రాసి ఇవ్వనా అన్నట్టు పెద్దాయన పెన్ను తీశారు, వద్దని తల ఊపాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు కమలాపళ్ళు కొనాలి, తియ్యవి, ఆరు. బల్ల ఉంటే బల్ల మీద, లేకపోతే పళ్ళవాడి తక్కెడ మీదే తడతాను. ఎర్ర దీపం వెలిగింది. వడ్రంగి గుమ్మంలోనే నిలబడిపోయాడు, గ్లాసు చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని. సోమవారం పొద్దున్న ఆ టీచరమ్మే దీన్ని మోగిస్తుంది, ముప్ఫై మంది పిల్లలు వింటారు, ముప్ఫై మందీ బల్లల మీద తడతారు, డప్పులా మోగిపోతుంది ఆ గది, ఆ ముప్ఫై మందిలో ఆ తట్టు ఎవరికి కావాలో ఎవ్వరికీ తెలియదు. వేలు అట్ట మీద ఆనించాను.

"చు·క్క ద·గ్గ·ర త·ట్టం·డి" అన్నాను.